‘మండుతాందత్తా!’

పోయినేడు వేసవిలో ప్రొద్దుటూరులో మా అన్నావాళ్ళింటికి వెళ్ళాను. ఏప్రిల్ నెల. మిద్దె మీద పరిచిన నాపరాళ్ళు సాయంత్రం ఆరైనా కాలు పెట్టనివ్వడం లేదు. మా మేనకోడలు మాత్రం మూల గదిలో కిటికీలు బిగించుకుని, నీలం దుపట్టా ముఖానికి చుట్టుకుని కూచుంది. పులివెందులలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పరీక్షలైపోయి ఇంటికొచ్చింది. నేనేమీ అడగలేదు. చాలాసేపటికి తనే దుపట్టా తీసింది. రెండు బుగ్గలూ ఎర్రగా కంది, పొట్టు లేచి ఉన్నాయి. గడ్డం చుట్టూ చీము పొక్కులు. దుపట్టా అంచున, ముఖానికి తగిలే చోట, రంగు పోయి తెల్లటి మచ్చలు.

“మండుతాందత్తా!” అంది.

ఆ మాట తను అప్పటికి రెండు నెలలుగా అంటూనే ఉంది. వినాల్సిన వాళ్ళంతా విన్నారు కూడా. విని ఒక్కొక్కరూ తమకు తోచిన అర్థం చెప్పారు. హాస్టల్లో స్నేహితురాళ్ళు “మండుతాందంటే మందు పని చేస్తాందని అర్థం” అన్నారు. మా వదిన “ముఖం తేటగా కావాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాల” అంది. మందుల షాపులో కుర్రాడు “మీ పాపది సెన్సిటివ్ స్కిన్ అక్కా, ఇంకోటి ఇస్తా” అన్నాడు. జమ్మలమడుగులో ఉన్న మా అమ్మ, అంటే దాని జేజి, “వయసు మొటిమలు, పెండ్లయితే అవే పోతాయి” అని తేల్చేసింది. ఒక ఆడపిల్ల తన ఒంటి గురించి చెప్పిన రెండు మాటల వాక్యానికి నాలుగు వ్యాఖ్యానాలు! మంటని మంటగా ఒక్కరూ చదవలేదు.

కథలూ కవితలూ చదివి విమర్శ రాయడం నాకు అలవాటు. ఈసారి ఆ వాక్యాన్నీ, దాని చుట్టూ ఉన్న రాతల్నీ చదవాలనిపించింది. టీవీలో వచ్చే మొటిమల క్రీము ప్రకటన, ట్యూబు మీది అక్షరాలు, అట్టపెట్టెలో మడిచి పెట్టిన కాగితం, ఇవన్నీ కూడా పాఠాలే కదా. మన పిల్లలు మన పత్రికలకన్నా ఎక్కువసార్లు చూస్తున్న పాఠాలు.

ముందు ప్రకటన. అది ముప్పై సెకన్ల కథ. ఏ కంపెనీదైనా కథ ఒకటే. ఒక అమ్మాయి. రేపు ఏదో ముఖ్యమైన రోజు: ఇంటర్వ్యూనో, కాలేజీ ఫంక్షనో, పెళ్ళిచూపులో. అద్దంలో చూసుకుంటే ఒక మొటిమ. ఒక్కటే! మచ్చలేని ముఖం మీద బొట్టుబిళ్ళలా అతికించిన ఒకే ఒక్క మొటిమ. స్నేహితురాలో అక్కో ట్యూబు అందిస్తుంది. మూడు రోజులు, మహా అయితే ఏడు రోజులు. తర్వాత ముఖం, ముఖాన్ని మెచ్చుకునే కళ్ళు, చప్పట్లు.

ఈ కథలో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది కాలం గురించి. చర్మరంధ్రంలో జిడ్డు, రాలిన చర్మకణాలు కలిసి అడ్డుపడి, అక్కడ బాక్టీరియా పెరిగి, ఒళ్ళు దానికి ఎదురుతిరిగి వాచినప్పుడు మొటిమ పైకి కన్పిస్తుంది. పైకి రావడానికి వారాల ముందే లోపల మొదలవుతుంది. చర్మం పైపొర మారడానికే దాదాపు నెల పడుతుంది. అందుకే ఏ సరైన మందుకైనా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడమంటారు. ప్రకటనకి అంత కాలం లేదు. దాని కాలం పెళ్ళిచూపుల కాలం. మూడు రోజుల్లో ఫలితం కన్పించలేదని పిల్ల రెట్టింపు రాస్తుంది. ఇంకో ట్యూబు కొంటుంది. ఆ కథ కోరుకునేదీ అదే.

రెండో అబద్ధం నాకు మరింత ముఖ్యమన్పించింది. ఆ కథలో ముఖాన్ని అందరూ చూస్తారు. అమ్మ, స్నేహితురాలు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు, మనం. కానీ ఆ ముఖానికి లోపల ఎలా ఉందో ఎవరూ అడగరు. మంట, దురద, బిగువు ఏమీ ఉండవు. అది చూపు కోసం తయారుచేసిన ముఖం. స్పర్శ తెలియని ముఖం. ‘మండుతాంది’ అనే మాటకి ఆ కథలో చోటే లేదు. కాబట్టి ఆ కథ చూసి క్రీము కొన్న పిల్ల నోట ఆ మాట వస్తే మనకి వినడం రాదు.

మనవాళ్ళు ప్రకటనల్ని విమర్శించలేదని కాదు. 1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ మీద ఐద్వా 2002, 2003 సంవత్సరాల్లో పట్టుబట్టి ఫిర్యాదులు చేసింది. రంగు తక్కువైన కూతుర్ని చూసి బాధపడే తండ్రి ఉన్న ప్రకటన లాంటివి ఆగిపోయాయి. 2020లో ఆ క్రీము తన పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాటనే తీసేసుకోవాల్సి వచ్చింది. నలుపు, తెలుపుల రాజకీయాన్ని మనం పట్టుకోగలిగాం. మొటిమల క్రీమును మాత్రం వదిలేశాం. ఎందుకంటే అది అందం దుకాణంలోంచి కాక మందుల దుకాణంలోంచి వస్తుంది. తెల్లదనం అమ్మితే వ్యాపారమన్నాం, మొటిమలు తగ్గిస్తామంటే వైద్యమనుకున్నాం. నిజానికి రెండూ ఆ పిల్ల చేతికి ఒకే కౌంటరు మీంచి వస్తున్నాయి. చాలాసార్లు ఒకే ట్యూబులో వస్తున్నాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

రెండో పాఠం ట్యూబు. మా మేనకోడలి సంచిలో మూడు దొరికాయి. మొదటిది సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్. రెండోది 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్. అట్టపెట్టె పారేసింది కానీ లోపలి కాగితం అడుగున ఉంది. ఎనిమిది మడతలు, చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. నేను కళ్ళజోడు పెట్టుకుని, దీపం కింద పెట్టి చదివాను. పలుచగా రాయాలి, కంటి దగ్గరా పెదవుల దగ్గరా రాయకూడదు, మొదట్లో ఎరుపూ పొట్టూ రావచ్చు, ఎక్కువైతే ఆపాలి, బట్టల రంగు పోగొడుతుంది. అన్నీ అందులో ఉన్నాయి! నీలం దుపట్టా మీద తెల్లమచ్చలు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. గుడ్డ రంగు పీల్చేసే మందు. దాన్ని మా పిల్ల పౌడరు రాసినట్టు ముఖమంతా రోజుకి మూడుసార్లు రాసింది. పైన నిమ్మరసం. వారానికి రెండుసార్లు గరుకు స్క్రబ్బు. మధ్యాహ్నం పులివెందుల ఎండలో హాస్టలు నుంచి కాలేజీకి నడక.

ఇక్కడ మందుదే తప్పని నేను అనడం లేదు. బెంజాయిల్ పెరాక్సైడ్ మంచి మందే. మొటిమలోని బాక్టీరియాని చంపుతుంది, దానికి మొండితనం అలవాటు కానివ్వదు. కాకపోతే ఎక్కువ శాతం ఎక్కువ మేలు చెయ్యదు. 2.5 శాతం జెల్ 10 శాతం దానితో దాదాపు సమానంగా వాపు మొటిమల్ని తగ్గిస్తుందనీ, మంట మాత్రం తక్కువనీ 1986లోనే ఒక పరిశోధన చూపించింది. సాలిసిలిక్ ఆమ్లం మూసుకున్న రంధ్రాల్ని తెరుస్తుంది. రెండూ విడివిడిగా, కొద్దికొద్దిగా వాడాల్సినవి. చర్మం పైన సహజంగా కొంచెం పులుపు గుణం ఉంటుంది. నిమ్మరసం దానికన్నా ఎన్నో రెట్లు పులుపు. మామూలు సబ్బు దానికి పూర్తిగా వ్యతిరేకం. పొద్దున సబ్బు, మధ్యాహ్నం నిమ్మకాయ, రాత్రి జెల్. ఈ దాడికి చర్మం పైపొర చిరిగిపోక ఏమవుతుంది? ఇంట్లో దొరికేదంతా మెత్తనిదనీ, దుకాణంలోదంతా విషమనీ మనలో ఒక నమ్మకముంది. నిమ్మకాయకి ఆ సంగతి తెలియదు.

అయితే ఆ కాగితం ఎవరి కోసం రాశారు? కొన్న పిల్ల కోసమైతే ఆమె భాషలో, ఆమె కంటికి ఆనే అక్షరాల్లో ఉండాలి. ప్రకటన మాత్రం చక్కటి తెలుగులో, మన యాసలు కూడా పట్టుకుని మాట్లాడుతుంది. ఆశ తెలుగులోనూ, హెచ్చరిక ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఒకే వస్తువు గురించి ఒకే కంపెనీ రాసిన రెండు పాఠాలివి. ఒకటి చదివించడానికి రాసింది, ఇంకోటి రాశామని చెప్పుకోవడానికి రాసింది.

మూడో ట్యూబు ప్రొద్దుటూరులోనే కొన్నది. దాని మీద మూడు మందుల పేర్లున్నాయి. ఒకటి తెల్లబరిచేది, ఒకటి పొట్టు రాల్చేది, మూడోది స్టెరాయిడ్. చీటీ ఏమీ లేదు. “పది దినాల్లో పెండ్లికూతురు మాదిరి అయితాది” అన్నాడట షాపులో కుర్రాడు. అన్నట్టే అయింది! పదిరోజుల్లో ఎరుపు పోయింది, మంట పోయింది, ముఖం తెల్లబడింది. మా వదిన సంతోషానికి అంతు లేదు. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చినవాళ్ళు పిల్లని చూసుకుని పోయారు. ట్యూబు అయిపోయింది. ఆపిన వారానికి ముఖం భగ్గుమంది. మళ్ళీ రాస్తే చల్లారింది. మళ్ళీ ఆపితే అంతకు రెండింతలు. నేను వెళ్ళేసరికి మూడో విడత.

కడపలో చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె ఆశ్చర్యపోలేదు. రోజూ చూస్తున్నదే అన్నట్టు తలూపింది. స్టెరాయిడ్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేసి ఎరుపుని దాచేస్తుందనీ, వాపుని అణిచేస్తుందనీ, వాడేకొద్దీ చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు పైకి తేలతాయనీ, కొందరికి ముఖం మీద వెంట్రుకలు వస్తాయనీ, ఆఖరికి మొటిమలే పెరుగుతాయనీ ఓపిగ్గా చెప్పింది. చర్మవైద్యులు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు, స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖమని. 2011లో దేశంలోని 12 కేంద్రాల్లో చేసిన ఒక అధ్యయనం వచ్చింది. ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది స్టెరాయిడ్ పూతలు రాస్తున్నారు. వాళ్ళలో 126 మంది తెల్లబడడానికో, మామూలు క్రీములాగానో వాడారు. 104 మంది మొటిమల కోసం వాడారు. 257 మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. 392 మందికి ఏదో ఒక హాని జరిగింది. అన్నిటికన్నా ఎక్కువగా కన్పించిన హాని ఏమిటో తెలుసా? మొటిమలు రావడం, ఉన్నవి ముదరడం! జబ్బునే మందు పేరుతో అమ్మడం అంటే ఇదే.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద అది గెలుపే. కానీ ‘ఓవర్ ది కౌంటర్’ అనేది చట్టంలో మాట కాదు, వీధిలో అలవాటు. కౌంటరుకి ఇవతల నిలబడేది ఎవరు? ముఖం కప్పుకుని, గొంతు తగ్గించి, తొందరగా కొనుక్కుని వెళ్ళిపోవాలనుకునే ఆడపిల్ల. తను ప్రశ్నలు అడగదు. అడగలేదు. సిగ్గుపడే కొనుగోలుదారుకన్నా వ్యాపారానికి కావలసిందేముంది?

ఇక ‘సెన్సిటివ్ స్కిన్’. షాపు కుర్రాడు వాడిన మాట. ఆ మాట మీద నాకు మొదట కోపం వచ్చింది. క్రీము మండితే తప్పు క్రీముది కాదు, నీ చర్మానిది అని చెప్పడానికి ఇంత నాజూకైన మాటా! ఆడవాళ్ళ విషయంలో ‘సెన్సిటివ్’ అనేది ఎప్పుడూ రెండు వైపులా కోసే మాట. పొగడ్తలా మొదలై నిందలా ముగుస్తుంది. ఏమన్నా అంటే ఏడుస్తావు, ఏం రాసినా మండుతుందంటావు. లోపం నీలోనే ఉంది.

కానీ ఆ మాట వెనక వైద్యులు ఏమంటున్నారో చదివాక నా కోపం దారి మళ్ళింది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి సున్నిత చర్మాన్ని నిర్వచించింది. మామూలుగా ఎవరికీ ఇబ్బంది కలిగించని వాటికి కూడా పొడిచినట్టు, మండినట్టు, దురదగా, చిమచిమగా అన్పించడమే దాని లక్షణం. చర్మం పైకి మామూలుగానే కన్పించవచ్చు. అంటే ఆ జబ్బు కంటికి కాదు, మాటకి దొరుకుతుంది. ‘మండుతోంది’ అని మనిషి చెప్పడమే అక్కడ ముఖ్యమైన సాక్ష్యం! చదివి చాలాసేపు అలాగే కూచున్నాను. శాస్త్రం ఆమె మాటని సాక్ష్యంగా తీసుకుంటోంది. ఇల్లు మాత్రం ఇంకా తీసుకోవడం లేదు.

మా డాక్టరు ఇంకో మాట కూడా అంది. “ఈ పిల్లకి పుట్టుకతో సున్నితమైన చర్మమేం కాదు. ఈ మూడు ట్యూబులూ కలిసి అట్లా చేసినాయి.” లోపం నీ స్వభావంలో ఉందని నమ్మించడం, ఆ లోపాన్ని తామే తయారుచేయడం, దానికి మళ్ళీ మందు అమ్మడం. ఈ మూడు మెట్లూ మనకి కొత్తవి కావు. ఆడవాళ్ళ జీవితంలో ఇంకా చాలా చోట్ల చూశాం.

మరి మన సాహిత్యం ఏం చేసింది? 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చినప్పుడు, మగచూపు ఎట్లా గుచ్చుకుంటుందో జయప్రభ ‘చూపులు’ కవితలో చదివినప్పుడు, ఓల్గా శరీర భాగాల చుట్టూ ‘రాజకీయ కథలు’ అల్లినప్పుడు మా తరానికి ఒక ధైర్యం వచ్చింది. ఒంటి గురించి రాయడం సిగ్గుమాలిన పని కాదనీ, రాజకీయమేననీ తెలిసింది. చూపు గురించి రాశాం. పైట గురించి, జడ గురించి, పురుడు గురించి రాశాం. కానీ నేను చదివినంతలో మొటిమ గురించిన కథ నాకు తగల్లేదు. హాస్టలు గదిలో చేతి అద్దం ముందు పదిహేను, పద్ధెనిమిది, ఇరవయ్యేళ్ళ పిల్లలు గడిపే గంటలు మన కథల్లోకి రాలేదు. ఎందుకు? అది చిన్న విషయమనుకున్నాం. వంటగదిని చిన్న విషయమన్న వాళ్ళతో పోట్లాడిన మనమే ఆ పని చేశాం.

ఇది ఇతరుల మీద వేసే నింద కాదు. ‘మండుతాందత్తా’కి నాలుగు వ్యాఖ్యానాలు జరిగాయన్నాను కదా. నిజానికి ఐదు. ఐదోది నాది. ఫిబ్రవరిలో ఫోన్ చేసినప్పుడే ఆ పిల్ల నాకు చెప్పింది. “చదువుకునే పిల్లవి, ముఖం గురించి ఇంత ఆలోచనేంది? అందమంటే మార్కెట్ కల్పనే” అని ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చి పెట్టేశాను. నేను చెప్పింది తప్పు కాకపోవచ్చు. కానీ తను అందం గురించి మాట్లాడలేదు. నొప్పి గురించి మాట్లాడింది. ప్రకటన ఆమె ముఖాన్ని చూపుగా మార్చితే నేను దాన్ని సిద్ధాంతంగా మార్చాను. మంట ఇద్దరికీ విన్పించలేదు. ఆ రోజే విని ఉంటే మూడో ట్యూబు కొని ఉండేది కాదేమో.

ప్రొద్దుటూరు బంగారం ఊరు. గీటురాయి మీద గీసి చూడకుండా గురిగింజెత్తు బంగారం కూడా కొనరు ఇక్కడ. ముఖానికి రాసే మందుకి కూడా అట్లాంటి గీటురాయి ఒకటుంది. కొత్తది ఏదైనా మొదట మొటిమలున్న ఒకటి రెండు చిన్నచోట్ల మాత్రమే కొద్దిగా రాసి మూడు రోజులు చూడమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2014లో చెప్పింది. బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న పూతలతో అరుదుగా తీవ్రమైన ఎలర్జీలు వస్తున్నాయని చెప్తూ ఇచ్చిన సలహా అది. కళ్ళూ పెదవులూ వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరాడకపోయినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. అట్లాంటిదేమీ లేకపోతే ఒకేసారి ఒకే మందు, తక్కువ శాతం, రోజు విడిచి రోజు, రాత్రిపూట, మెత్తటి మాయిశ్చరైజరుతో. మండితే ఓర్చుకోవడం కాదు, కడిగేసుకోవడం. ఇది గొప్ప వైద్యమేం కాదు. ఒళ్ళు చెప్పే మాట వినడం, అంతే.

మా మేనకోడలికి స్టెరాయిడ్ వదిలించుకోవడానికి నెలలు పట్టింది. డాక్టరు చెప్పినట్టు ఓపిక పట్టింది. ఆ నెలల్లో తన ముఖం మరింత ఎర్రబడింది. సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు చెయ్యలేదు. మా వదిన ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. బుగ్గల మీద నల్లమచ్చలు ఇంకా ఉన్నాయి. అవి మెల్లగా పోతాయట, కొన్ని పోకపోవచ్చునట. పరీక్షలో ఒక సబ్జెక్టు మిగిలిపోతే అది రాయడానికి మళ్ళీ పులివెందుల వెళ్ళింది.

మొన్న ఫోన్ చేసి చెప్పింది. హాస్టల్లో జూనియర్ అమ్మాయి ఒకతి కొత్త ట్యూబు తెచ్చుకుందట. ఇది ఆ కాగితం మడతలు విప్పి, వాక్యం వాక్యం తెలుగులో చదివి విన్పించిందట. గదిలో ఆరుగురూ చుట్టూ చేరారట. “నీకు అర్థం కానివి ఎట్లా చదివినావే?” అనడిగాను.

“డిక్షనరీ పెట్టుకోని చదివినా అత్తా. ఆ కాగితంలో మంట అనే మాట నాలుగుసార్లు ఉంది. మాకు ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలా.”